పెరటి పండు పొద్దున టిఫిన్‌లోకి వస్తే: చక్కెర, పరగడుపు, పురుగుమందుల సంగతులు

ఏప్రిల్ చివరికి వచ్చేసరికి మన ఊళ్లలో మామిడిపండ్లు సంచుల్లో ఇల్లిల్లూ తిరగడం మొదలవుతుంది. పక్కింటి పిన్నిగారి చెట్టు రసాలు, ఊరి నుంచి పెదనాన్న బస్సులో పంపిన బంగినపల్లి, ఆఫీసులో ఎవరో పంచిన సువర్ణరేఖ. వానలు పడ్డాక జామ, దసరాకు అటూ ఇటూ సీతాఫలం, ఏడాది పొడవునా బొప్పాయి, అరటి. ఇది డబ్బు పెట్టి కొన్న పండు కాదు కాబట్టి మన అవసరం ఎంతో చూసుకుని రాదు. చెట్టు ఎప్పుడు కాస్తే అప్పుడు, ఎంత కాస్తే అంత వస్తుంది. మెత్తబడిపోతున్నాయన్న తొందరలో పొద్దున టిఫిన్ దగ్గరే తినడం మొదలుపెడతాం.

ప్రశ్నలూ అక్కడే మొదలవుతాయి. షుగర్ ఉన్న తాతగారు మామిడి ముట్టుకోవచ్చా? పరగడుపున పండు అమృతమని ఒక వీడియో, విషమని ఇంకో వీడియో. అరటిపండు పాలతో వద్దని అమ్మమ్మ. చెట్టు మనవాళ్లదే, మందులేమీ ఉండవు, కడగక్కర్లేదని ఇంకొకరు. ఇవన్నీ వేర్వేరు ప్రశ్నలు. కలిపి మాట్లాడుకోవడం వల్లే అయోమయం. ఒక్కొక్కటిగా విడదీస్తే చాలావాటికి స్పష్టమైన జవాబులున్నాయి. కొన్నిటి మీద నిపుణులే ఒక మాట మీద లేరు.

## ఇంటి చెట్టు పండులో ఏం మారుతుంది, ఏం మారదు

ముందు పండటం గురించి కొంచెం తెలియాలి. మామిడి, అరటి, బొప్పాయి, సపోటా, సీతాఫలం లాంటివి ముదిరాక కోస్తే చెట్టు నుంచి వేరుపడ్డాక కూడా పండుతాయి. కాయే ఇథిలీన్ అనే వాయువును విడుదల చేస్తుంది. దాని ప్రభావంతో పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, పులుపు తగ్గుతుంది, గుజ్జు మెత్తబడుతుంది. ఎండుగడ్డిలోనో బియ్యం డబ్బాలోనో పెట్టి మాగబెట్టడంలో జరిగేది ఇదే. ఆ వాయువు బయటికి పోకుండా చుట్టూ నిలిచి కాయలన్నీ త్వరగా పండుతాయి. బత్తాయి, దానిమ్మ, ద్రాక్ష ఇలా పండవు. కోసిన రోజు ఎంత తీపి ఉంటే అంతే.

మార్కెట్‌కు వెళ్లే మామిడిని దూరప్రయాణం తట్టుకోవాలని ముందే కోస్తారు. కొందరు లేత కాయను కోసి కాల్షియం కార్బైడ్‌తో రంగు తెప్పిస్తారు. కార్బైడ్ నుంచి వచ్చేది ఎసిటిలీన్. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ సమ్మేళనాల జాడలు ఉండే అవకాశం ఉంది కాబట్టి 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లో దీన్ని నిషేధించారు. దానికి బదులు ఇథిలీన్ వాయువును 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు వంద భాగాలు) దాకా వాడుకోవచ్చని ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతించింది. కాబట్టి మార్కెట్లో మాగబెట్టిన పండంతా చెడ్డదనడం సరికాదు. పెరటి పండుకు ఈ గొడవే లేదు. అది ముదిరేదాకా చెట్టు మీద ఉంటుంది, కోసిన రెండు మూడు రోజుల్లో మన చేతికొస్తుంది. రుచిలో తేడా నిజంగానే ఉంటుంది. జామ లాంటి పండ్లలో నిల్వతో తగ్గే విటమిన్ సి కూడా ఎక్కువ మిగులుతుంది.

మారనిది చక్కెర. ఇంటి చెట్టు బంగినపల్లికీ మార్కెట్ బంగినపల్లికీ తీపిలో పెద్ద తేడా ఉండదు. చెట్టు మీద బాగా ముదిరిన కాయ పండితే ఇంకాస్త తియ్యగానే ఉండొచ్చు. మందులు కొట్టని పండు కాబట్టి షుగర్ పెరగదనే మాట తరచూ వింటుంటాం. పురుగుమందుకూ చక్కెరకూ సంబంధం లేదు.

## పండులో చక్కెర, గ్లాసులో చక్కెర

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెర మీద ఒక మార్గదర్శకం ఇచ్చింది. అందులో తగ్గించమన్నది ‘ఫ్రీ షుగర్స్’ని. అంటే మనం కలిపే పంచదార, బెల్లం, తేనె, ఇంకా పండ్లరసంలోని చక్కెర. రోజు మొత్తం శక్తిలో ఇవి 10 శాతం లోపు ఉండాలి, 5 శాతం లోపైతే ఇంకా మంచిది. 2000 కేలరీలు తినే మనిషికి 10 శాతమంటే 50 గ్రాములు. కొరికి తినే పండులోని చక్కెర ఈ లెక్కలోకి రాదు. అదే పండును పిండి రసం చేస్తే వస్తుంది.

ఒకే పండు, ఒకే చక్కెర అయినప్పుడు తేడా ఎందుకు? కొరికే పండులో చక్కెర కణాల గోడల మధ్య, పీచు మధ్య ఉంటుంది. నమలాలి, సమయం పడుతుంది, కడుపు నిండిన భావం వస్తుంది. 1977లో బ్రిటన్ పరిశోధకులు ఒకే మోతాదు చక్కెర ఉండేలా యాపిల్‌ను ముక్కలుగా, గుజ్జుగా, రసంగా ఇచ్చి చూశారు. రసం తాగినవాళ్లు చాలా త్వరగా ముగించారు, కడుపు తక్కువ నిండిందన్నారు, వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువ విడుదలైంది. మన ఇళ్లలో బత్తాయి సంగతి చూడండి. ఒక గ్లాసు రసానికి మూడు నాలుగు కాయలు పిండాలి. తొనలు ఒలుచుకుని ఒకేసారి నాలుగు బత్తాయిలు తినేవాళ్లు అరుదు.

2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన హార్వర్డ్ పరిశోధన 1,87,000 మందికి పైగా అమెరికన్ ఆరోగ్య సిబ్బంది ఆహారపు అలవాట్లను ఏళ్ల తరబడి గమనించింది. మొత్తం పండు తినేవాళ్లలో టైప్ 2 షుగర్ ముప్పు కాస్త తక్కువగా, రసం తాగేవాళ్లలో కాస్త ఎక్కువగా కనిపించింది. ఇది గమనించి చెప్పిన విషయమే, కారణం ఇదేనని నిరూపించింది కాదు. పండ్లు తినేవాళ్లకు వేరే మంచి అలవాట్లూ ఉండొచ్చు. అయినా రసాన్నీ పండునూ ఒక గాటన కట్టకూడదనడానికి ఇది బలమైన ఆధారమే.

## ఎంత అంటే ఎంత

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయులకు కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. 2000 కేలరీల పళ్లెంలో రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలని సూచించింది. ఈ 100 గ్రాములంటే తొక్క, టెంక, గింజ తీసేశాక మిగిలింది. ఒక మధ్యస్థ జామకాయ, లేదా చేతిలో ఇమిడే బొప్పాయి ముక్క, లేదా చిన్న అరటిపండు ఇంచుమించు అంతే అవుతుంది. ఒక పూర్తి బంగినపల్లి మామిడి దీనికి రెండింతలు దాటుతుంది.

పండు పండుకూ తేడా ఉంది. 100 గ్రాముల గుజ్జులో పిండిపదార్థాలు (చక్కెరతో కలిపి) బొప్పాయిలో సుమారు 11 గ్రాములు, జామలో 14, మామిడిలో 15, సపోటాలో 20, అరటిలో 23, సీతాఫలంలో 24. పీచు వైపు చూస్తే వరస మారిపోతుంది. జామ, సపోటాల్లో 5 గ్రాముల దాకా ఉంటే మామిడి, బొప్పాయిల్లో 2 గ్రాములకు లోపే. రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. నన్నడిగితే పొద్దున టిఫిన్ కోణంలో మన పెరట్లో కాసే పండ్లలో జామకు దక్కాల్సినంత గౌరవం దక్కడం లేదు. 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. కమలాపండులో ఉండేది 50 చిల్లర.

## ఇడ్లీతో పాటా, ఇడ్లీకి బదులా?

ఈ విషయమంతటిలో అసలు ముడి ఇదేనని నా నమ్మకం. పండు మంచిదా చెడ్డదా అనే వాదనలో అది దేని స్థానంలో పళ్లెంలోకి వచ్చిందన్న ప్రశ్న మాయమైపోతుంది. ఒక లెక్క వేసి చూద్దాం.

మూడు ఇడ్లీలు, పల్లీ చట్నీ. ఒక్కో ఇడ్లీలో సుమారు 10 గ్రాముల పిండిపదార్థాలు అనుకుంటే 30 గ్రాములు. దీని పైన పెదనాన్న పంపిన 350 గ్రాముల మామిడిపండు ఒకటి. తొక్క, టెంక పోతే గుజ్జు దాదాపు 230 గ్రాములు, అందులో పిండిపదార్థాలు సుమారు 34 గ్రాములు. టిఫిన్ 64 గ్రాములకు చేరింది. అంటే రెట్టింపు దాటింది.

ఇప్పుడు రెండు ఇడ్లీలు తగ్గించి సగం పండుకు కొంచెం ఎక్కువగా, 130 గ్రాముల గుజ్జు తీసుకుంటే? ఒక ఇడ్లీ 10, మామిడి 20. మొత్తం మళ్లీ 30 గ్రాములే. పక్కన ఉడికించిన గుడ్డో, గుప్పెడు మొలకెత్తిన పెసలో ఉంటే మాంసకృత్తులకూ లోటు లేదు. పండు అదే, మనిషి అదే, చెట్టూ అదే. ఫలితం మాత్రం పూర్తిగా వేరు.

ఇక్కడ రెండు పదాలు తెలిసి ఉండాలి. ఒక ఆహారం తిన్నాక రక్తంలో గ్లూకోజు ఎంత పెరుగుతుందో గ్లూకోజుతో పోల్చి 100కి వేసే అంకె గ్లైసిమిక్ ఇండెక్స్. 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం దీన్ని ప్రతిపాదించింది. 55 లోపు తక్కువ, 70 పైన ఎక్కువ. అయితే ఈ అంకె మనం ఎంత తిన్నామో చెప్పదు. అందుకే గ్లైసిమిక్ లోడ్. ఇండెక్స్‌ను తిన్న పిండిపదార్థాల గ్రాములతో గుణించి 100తో భాగిస్తే వస్తుంది. 10 లోపు తక్కువ, 20 పైన ఎక్కువ.

మామిడి ఇండెక్స్ 50 చిల్లర. 53 అనుకుందాం. పైన చెప్పిన 130 గ్రాముల గుజ్జులో 20 గ్రాములు, లోడ్ 10.6. పూర్తి పండులో 34 గ్రాములు, లోడ్ 18. పిన్నిగారు ఇచ్చారు కదా అని రెండు పండ్లు తింటే 36. బొప్పాయి ఇండెక్స్ మామిడి కంటే కాస్త ఎక్కువ, 60 దగ్గర. కానీ 120 గ్రాముల ముక్కలో పిండిపదార్థాలు 13 గ్రాములే కాబట్టి లోడ్ 8 లోపే. ఇండెక్స్ ఒక్కటే చూసి పండ్ల జాబితాలు తయారుచేసి పంపేవాళ్లు ఈ రెండో లెక్కను వదిలేస్తున్నారు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మధ్యాహ్నం దాకా పండ్లు మాత్రమే తినాలనే పద్ధతి కొన్నేళ్లుగా ప్రచారంలో ఉంది. పూరీలు, నూనెలో తేలే వడలు మానేసి పండ్లకు మారినవాళ్లకు బరువు తగ్గి ఒళ్లు తేలికైనట్టు ఉంటుంది. వాళ్ల అనుభవం అబద్ధం కాదు. కానీ 300 గ్రాముల బొప్పాయిలో ఉండేవి 130 కేలరీలు, ఒకటిన్నర గ్రాముల లోపు మాంసకృత్తులు. 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాముల మాంసకృత్తులు కావాలి. పొద్దుటి పూట వాటా మొత్తం మధ్యాహ్నం, రాత్రి భోజనాల మీద పడుతుంది. మన అన్నం, పప్పు భోజనంలో ఆ లోటు పూడ్చడం తేలిక కాదు. పెరిగే పిల్లలకు, వయసు మీద పడి కండ తగ్గుతున్న పెద్దలకు ఈ పద్ధతి నప్పదు.

## షుగర్ ఉన్నవాళ్ల సంగతి

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. కాబట్టి ఇది ఏ ఒక్క తాతగారి సమస్యో కాదు.

డాక్టర్లలో రెండు దారులు కనిపిస్తాయి. ఒక వర్గం మామిడి, సపోటా, సీతాఫలం, అరటి పూర్తిగా వద్దంటుంది. వాళ్ల వాదనలో బలం ఉంది. కొంచెం తినమంటే ఎక్కడ ఆగాలో చాలామందికి తెలియదు, సీజన్ రెండు నెలలూ పరీక్షల్లో అంకెలు పెరగడం వాళ్లు కళ్లారా చూస్తుంటారు. రెండో వర్గం కొలత పెట్టుకుని తినమంటుంది. పూర్తిగా మానేయమంటే మనిషి దొంగచాటుగా తింటాడు, పండులోని పీచు, విటమిన్లు కూడా పోతాయి అంటుంది.

2025లో ఢిల్లీ పరిశోధకులు ప్రచురించిన ఫలితాలు రెండో వర్గానికి కొంత ఊతమిచ్చాయి. టైప్ 2 షుగర్ ఉన్న 35 మందితో 8 వారాల పాటు చేసిన ప్రయోగంలో పొద్దున బ్రెడ్డుకు బదులు 250 గ్రాముల సఫేదా లేదా దసేరీ మామిడి ఇచ్చారు. పరగడుపు షుగర్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, బరువు మెరుగుపడ్డాయి. ఆ వార్త మన దాకా వచ్చేసరికి ‘మామిడి తింటే షుగర్ తగ్గుతుంది’ అయిపోయింది. పరిశోధన చెప్పింది అది కాదు. పోలిక తెల్ల బ్రెడ్డుతో. పండు అదనంగా కాదు, బదులుగా తిన్నారు. మోతాదు కొలిచి ఇచ్చారు, పర్యవేక్షణ ఉంది. పాల్గొన్నది 35 మంది మాత్రమే. రకాలు ఉత్తరాదివి, మన బంగినపల్లో చెరుకు రసాలో కాదు. ఆశ కలిగించే ఫలితమే, అలాగని ధైర్యంగా రెండు పండ్లు లాగించమని అనుమతి కాదు.

పొద్దుటి పూటకు సంబంధించి ఇంకో చిక్కు ఉంది. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ లాంటివి పెరగడంతో కొందరికి నిద్ర లేచేసరికే షుగర్ ఎక్కువ ఉంటుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అలాంటివాళ్లకు అదే సగం పండు సాయంత్రం నాలుగింటికి తింటే తక్కువ పెరుగుదల చూపొచ్చు. ఇది మనిషి మనిషికీ మారుతుంది. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే తినే ముందు, తిన్న రెండు గంటలకు చూసుకున్న అంకెలు ఏ జాబితా కన్నా నిజం చెబుతాయి. మందు మోతాదు విషయం మాత్రం డాక్టరుతోనే తేల్చుకోవాలి.

## పరగడుపు వాదన ఎక్కడి నుంచి వచ్చింది

భోజనం పైన పండు తింటే అది కడుపులో పులిసిపోతుంది, అందుకే ఖాళీ కడుపుతోనే తినాలి అన్నది ఒక వాదన. కడుపులో ఉండే ఆమ్లం చాలా గాఢమైనది. అక్కడ ఆహారం వరుసలో నిలబడి కుళ్లిపోయే పరిస్థితి ఉండదు. భోజనంతో పాటు తింటే చక్కెర రక్తంలోకి కాస్త నెమ్మదిగా చేరుతుంది, షుగర్ ఉన్నవాళ్లకు అది మేలే. గుడ్డు, పప్పు, కూర ముందు తిని పిండిపదార్థాలు చివర్లో తింటే గ్లూకోజు పెరుగుదల తగ్గుతుందని చిన్న అధ్యయనాలు చూపాయి.

పరగడుపున తింటే ప్రమాదమనే భయానికి మాత్రం ఒక నిజమైన విషాదం వెనక ఉంది. బిహార్‌లోని ముజఫర్‌పూర్‌లో ఏటా లిచీ సీజన్‌లో పిల్లలు తెల్లవారుజామున మూర్ఛలతో చనిపోయేవాళ్లు. 2014లో భారత, అమెరికా నిపుణులు చేసిన పరిశోధన 2017లో వెలువడింది. లిచీలో హైపోగ్లైసిన్, ఎంసీపీజీ అనే పదార్థాలుంటాయి. ఒంట్లో నిల్వలు అయిపోయినప్పుడు గ్లూకోజు తయారుచేసుకునే పనిని అవి అడ్డుకుంటాయి. పోషకాహార లోపం ఉన్న పిల్లలు పగలంతా తోటల్లో లిచీలు తిని, రాత్రి అన్నం తినకుండా పడుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుందని తేల్చారు. దీనితో పూర్తిగా ఏకీభవించని శాస్త్రవేత్తలూ ఉన్నారు. పురుగుమందులు, తీవ్రమైన ఎండల పాత్రను వాళ్లు గుర్తుచేస్తారు. ఏదేమైనా అది లిచీకి, ఆకలితో పడుకున్న పిల్లలకు సంబంధించిన సంగతి. మన జామకో బొప్పాయికో అంటగట్టడం తప్పు. ఎసిడిటీ, కడుపులో పుండ్లు ఉన్నవాళ్లకు పుల్లటి పండు పరగడుపున మంట పెడుతుంది, అంతవరకు నిజం.

## పాలు, రాగిజావ, కాఫీ: పక్కన ఏముందన్నదీ ముఖ్యమే

పాలతో పండు కలపకూడదన్న మాట గాల్లోంచి పుట్టింది కాదు. చరక సంహితలో విరుద్ధాహారం గురించి చెప్పిన చోట పాలతో పుల్లటి పండ్లు వద్దని ఉంది. బాగా పండిన తియ్యమామిడికి మినహాయింపు ఇచ్చే ఆయుర్వేద వైద్యులు చాలామందే ఉన్నారు. ఆధునిక వైద్యం వైపు నుంచి చూస్తే, పాలు ఏ పండూ లేకపోయినా కడుపులోకి వెళ్లాక విరగాల్సిందే, జీర్ణక్రియలో అది మొదటి మెట్టు. ఆరోగ్యవంతులకు అరటిపండు, పాలు హాని చేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. పాలు పడనివాళ్లకు ఉబ్బరం వస్తే ఆ నింద పండు మీద పడుతుంటుంది. మిల్క్‌షేక్‌లో నన్ను ఇబ్బంది పెట్టేది పాలూ పండూ కలవడం కాదు, వాటితో పాటు పడే మూడు చెంచాల పంచదార.

ఇనుము విషయం దీనికన్నా ఎంతో ముఖ్యమైనది. తక్కువగా మాట్లాడుకుంటున్నది కూడా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రాగులు, పెసలు, ఆకుకూరల్లో ఉండే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. విటమిన్ సి తోడైతే బాగా పడుతుంది. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కౌమార వయసు వారిపై చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. అన్నం ప్రధానంగా ఉన్న భోజనంతో పాటు 100 గ్రాముల జామ ఇస్తే ఇనుము శోషణ రెట్టింపు అయిందని అందులో తేలింది. పక్కింటి చెట్టు జామకాయ, ఒక పెసరట్టు. ఖర్చు లేని ఇంత మంచి జోడీ ఇంకోటి దొరకడం కష్టం. అదే పళ్లెం పక్కన వెంటనే కాఫీయో టీయో తాగితే వాటిలోని పదార్థాలు ఇనుమును పట్టేసుకుని ఆ లాభంలో కొంత తగ్గిస్తాయి. గంట ఎడం ఉంటే ఆ నష్టం తగ్గుతుంది.

## చిలక కొట్టిన పండు, పురుగు పట్టిన పండు, మందు కొట్టిన పండు

చిలక కొట్టిన జామకాయ తియ్యగా ఉంటుందని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పక్షి పండిన కాయనే వెతుక్కుంటుంది కాబట్టి ఆ మాటలో నిజం ఉంది. కానీ కొరికింది చిలకో గబ్బిలమో మనకు ఎలా తెలుస్తుంది? పండ్లు తినే పెద్ద గబ్బిలాలు నిపా వైరస్‌కు ఆవాసం. 2018లో కేరళలో నిపా వ్యాపించినప్పుడు కొరికిన గుర్తులున్న పండ్లు తినవద్దని అధికారులు హెచ్చరించారు. అవకాశం తక్కువే అయినా ఆ రోగం తీవ్రత చాలా ఎక్కువ. ఆ గాటు మేరకు కోసేసి మిగతాది తినడం కూడా నాకు సరి అనిపించదు. చెట్టు నిండా కాయలున్నప్పుడు ఆ ఒక్కటీ వదిలేయొచ్చు.

జామ, మామిడిలో కనిపించే తెల్ల పురుగులు పండు ఈగ పిల్లలు. ఈగ కాయ తొక్కలో గుడ్లు పెడితే లోపల పెరుగుతాయి. పొరపాటున ఒకటి మింగినా భయపడాల్సింది లేదు, కానీ ఆ దారిన పండు కుళ్లడం మొదలవుతుంది. పురుగుంది అంటే మందు కొట్టలేదనే ధీమా మాత్రం సరికాదు. మందు ప్రభావం పోయాక ఈగ వచ్చి ఉండొచ్చు.

ఇంటి చెట్టుకు మందు కొట్టరన్నది చాలావరకు నిజం, ఎప్పుడూ కాదు. తేనెమంచు పురుగు, పిండినల్లి పట్టినప్పుడు పొలం మందే తెచ్చి పెరట్లో కొట్టేవాళ్లున్నారు. ప్రతి మందుకూ కొట్టాక కోతకు ఇన్ని రోజులు ఆగాలనే గడువు ఉంటుంది. పొలం రైతుకు అది తెలిసినంతగా పెరటి యజమానికి తెలియకపోవచ్చు. పైన అంటిన మందు, దుమ్ము ధారగా పారే నీళ్లలో రుద్ది కడిగితే చాలావరకు పోతాయి. మొక్కలోకి ఇంకిపోయే రకం మందు కడిగినా పోదు. సబ్బు వాడకూడదు, తొక్క దాన్ని పీల్చుకుంటుంది. రోడ్డు పక్క చెట్టు కాయ మీద వాహనాల దుమ్ము ఉంటుంది కాబట్టి తొక్కతో తినే జామకు ఈ కడగడం మరీ అవసరం.

మామిడికి ఇంకో సంగతి, సొన. ముచ్చిక దగ్గర కారే ఆ జిగురులో జీడిలో ఉండే లాంటి చర్మాన్ని కాల్చే పదార్థాలుంటాయి. మామిడి, జీడిమామిడి ఒకే కుటుంబం. మామిడి తిన్నాక పెదాల చుట్టూ వచ్చే పొక్కులను ‘వేడి చేసింది’ అంటాం. వాటిలో చాలావరకు ఈ సొన పనే. తినే ముందు కాయల్ని అరగంట నీళ్లలో వేసే మన పెద్దల అలవాటు ఆ సొనను వదిలిస్తుంది.

## కొందరికి వేరే లెక్క

కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు పొటాషియం బయటికి పోదు. అరటి, సపోటా, మామిడి వాళ్లకు డాక్టరు చెప్పిన మేరకే. స్టార్‌ఫ్రూట్ అయితే అసలే వద్దు. అందులోని ఆక్సలేట్, కారంబాక్సిన్ వల్ల కిడ్నీ రోగుల్లో ఆగని ఎక్కిళ్లు, మూర్ఛలు, మరణాలు కూడా నమోదయ్యాయి. ఇంటి ముందు అందం కోసం ఈ చెట్టు పెంచి కాయలు పంచేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఈ ఒక్క విషయం అందరికీ తెలియాలి.

కోస్తా పెరళ్లలో కాసే పంపరపనస గ్రేప్‌ఫ్రూట్‌కు దగ్గరి చుట్టం. గ్రేప్‌ఫ్రూట్ పేగుల్లో కొన్ని మందుల్ని విరిచే ఎంజైమును ఆపేస్తుంది. దాంతో సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మందులు, కొన్ని బీపీ మందులు, అవయవ మార్పిడి తర్వాత వాడే మందులు రక్తంలో మోతాదు మించిపోతాయి. ఈ పనిచేసే పదార్థాలు పంపరపనసలోనూ ఉన్నాయి. ప్రభావం ఒక రోజుకు పైగా నిలుస్తుంది కాబట్టి పొద్దున పండు, రాత్రి మాత్ర అని ఎడం పెట్టినా ఉపయోగం ఉండదు. ఆ మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగి తినాలి.

గర్భిణులకు బొప్పాయి వద్దనే మాట మన ఇళ్లలో చాలా గట్టిది. పచ్చికాయ పాలలో గర్భాశయాన్ని సంకోచింపజేసే గుణం ఉందని ఎలుకలపై ప్రయోగాల్లో తేలింది. బాగా పండిన పండులో అది కనిపించలేదు. చిక్కల్లా దోరగా ఉన్న కాయతోనే. ఇచ్చిన కాయ ఎంతవరకు పండిందో పైకి చూసి చెప్పడం కష్టం కాబట్టి చాలామంది డాక్టర్లు పూర్తిగా మానేయమనే అంటారు. ఆ జాగ్రత్తను నేను మూఢనమ్మకం అనను.

## సంచి నిండా వచ్చినప్పుడు

చివరిగా నిల్వ లెక్క. 5 కిలోల బంగినపల్లి వచ్చిందనుకుందాం. గుజ్జు 65 శాతం, అంటే మూడుంపావు కిలోలు. నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 120 గ్రాముల చొప్పున దాదాపు వారం వస్తుంది. కానీ పండ్లు వారం ఆగవు, మూడు నాలుగు రోజుల్లో అన్నీ ఒకేసారి మెత్తబడతాయి. అతిగా తినడం మొదలయ్యేది ఇక్కడే. వచ్చినరోజే సగం ఎదురింటికి పంపిస్తే, ఇరు ఇళ్ల టిఫిన్లకూ సరిపోయే కొలతలో పండు ఉంటుంది.

పచ్చిగా, దోరగా ఉన్నవాటిని ఫ్రిజ్‌లో పెడితే చలికి దెబ్బతిని మచ్చలు పడతాయి, సరిగా పండవు. బయట పండాక లోపల పెడితే ఇంకో నాలుగైదు రోజులు నిలుస్తాయి. గుజ్జు తీసి పంచదార కలపకుండా ఫ్రీజర్‌లో పెట్టుకుంటే నెలల తరబడి ఉంటుంది, పెరుగులో కలుపుకుని తినొచ్చు. తాండ్ర వేస్తే నీళ్లన్నీ పోయి చక్కెర చిక్కబడుతుంది, బెల్లమో పంచదారో తోడవుతుంది. దాన్ని పండు ఖాతాలో కాకుండా మిఠాయి ఖాతాలో వేసుకోవాలి. కోసిన ముక్కలు బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, మే నెల ఎండల్లో అయితే గంటే.